కొత్త థెరపిస్ట్‌కి డీఐడీ గురించి ఎలా చెప్పాలి: రాయగడ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

కొత్త డాక్టర్ ముందు కూర్చోగానే "నాకు డీఐడీ ఉందండీ" అని మొదలుపెట్టకండి. (డీఐడీ అంటే ఒకే మనిషిలో ఒకటి కంటే ఎక్కువ 'నేను'లు ఉండే జబ్బు, వివరం కింద చెప్తాను.) నేను అలాగే మొదలుపెట్టాను. ఆయన పెన్ను కింద పెట్టి, నవ్వి, "సినిమాలు బాగా చూస్తావా అమ్మా?" అన్నారు. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. సిగ్గుపడి దాటేస్తున్నాననుకోకండి, నిజంగానే గుర్తు లేదు, ఎందుకంటే ఆ పదిహేను నిమిషాలూ కుర్చీలో ఉన్నది నేను కాదు. తేరుకునేసరికి మెడికల్ షాపు ముందు నిలబడి ఉన్నాను, చేతిలో నిద్రమాత్రలు రాసిన చీటీ ఉంది.

ఆ తర్వాత ఒక సైకాలజిస్ట్ దొరికారు, రెండేళ్లు బాగా నడిచింది, ఆవిడకి పెళ్లై వేరే రాష్ట్రం వెళ్లిపోయారు. మళ్లీ కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు చూపిస్తున్నది మూడో ఆవిడకి. ఈ మూడు సార్లలో దెబ్బలు తిని నేర్చుకున్నదే రాస్తున్నాను, దక్షిణ ఒడిశాలోని మన వైపు వాళ్ల కోసం: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, కొరాపుట్, జయపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడేవాళ్లం కదా, మన ఇబ్బందులు కొన్ని హైదరాబాద్ వాళ్లకి రావు.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: డీఐడీ (డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్) అంటే ఒకే మనిషిలో ఒకటి కంటే ఎక్కువ 'నేను'లు ఉండటం, ఒకరు బయట ఉన్నప్పుడు జరిగింది ఇంకొకరికి గుర్తుండకపోవడం. 1994 దాకా మల్టిపుల్ పర్సనాలిటీ అనేవారు. చాలామందిలో దీని వెనక చిన్నతనంలో పదే పదే జరిగిన దారుణాలు ఉంటాయి. మీకు డయాగ్నోసిస్ వచ్చి ఉన్నా, లేక ఇదేనేమో అని గట్టిగా అనుమానం ఉన్నా, కింది పద్ధతి ఒకటే.

ముందు: ఎవరి దగ్గరికి వెళ్తున్నారో ఫోన్‌లోనే తేల్చుకోండి

మందులు రాసేది సైకియాట్రిస్ట్, కూర్చోబెట్టి నెలల తరబడి మాట్లాడేది సైకాలజిస్ట్. డీఐడీకి ప్రత్యేకంగా మందు లేదు. దిగులుకీ, భయానికీ, నిద్రకీ మందులిస్తారు, అవి పనికొస్తాయి కూడా, కానీ అసలు పని మాటలతోనే జరగాలి. అందుకని ఇద్దరూ కావాల్సి రావచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉంటారు, నంబర్ అడగడంలో తప్పు లేదు, అడిగితే చిరాకుపడేవాళ్ల దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

మనకి దగ్గర్లో పెద్దవి అంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, ఇటు వైజాగ్‌లో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, అక్కడి ప్రైవేటు క్లినిక్‌లు. రాయగడ నుంచి వైజాగ్ అంటే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో ఒక పూట పోతుంది, తిరుగు ప్రయాణం వేరే. అంత దూరం పోయి "మేం అలాంటి కేసులు చూడం" అనిపించుకునే బదులు ముందే ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి: "మేడమ్, చిన్నప్పటి ట్రామా ఉన్నవాళ్లతో పనిచేస్తారా? డిసోసియేషన్ ఉన్నవాళ్లని ఎప్పుడైనా చూశారా? సిట్టింగ్ తెలుగులో తీసుకుంటారా, మధ్యలో ఒడియా వచ్చేస్తే అర్థమవుతుందా?" ట్రామా అంటే మనసుకి తగిలిన పెద్ద గాయం, డిసోసియేషన్ అంటే తన నుంచి, తన జ్ఞాపకాల నుంచి తెగిపోయినట్టు అవడం.

రెండో ప్రశ్నకి "చూడలేదు కానీ చదువుకుని చూస్తాను" అన్నారంటే వెళ్లొచ్చు. ఇప్పుడు నాకు చూస్తున్న ఆవిడ అన్నది అదే. "అదంతా మన దేశంలో ఉండదమ్మా" అంటే ఫోన్ పెట్టేయండి, రైలు చార్జీ మిగులుతుంది.

వీడియోలో సిట్టింగ్‌లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ తలుపు వేసుకునే గది ఇంట్లో ఉందో లేదో చూసుకోండి. మా ఇంట్లో లేదు, ఫ్యాక్టరీ క్వార్టర్‌లో మూడు నెలలు స్నేహితురాలి వంటింట్లో కూర్చుని మాట్లాడాను, కుక్కర్ విజిల్స్ మధ్య.

లోపలివాళ్లని అడిగారా?

ఈ మెట్టు దాదాపు అందరూ దాటేస్తారు. మొదటి డాక్టర్ దగ్గర నాకు జరిగిన గొడవకి సగం కారణం ఇదే, నేను ఎవరినీ అడక్కుండా అందరి గుట్టూ చెప్పడానికి కూర్చున్నాను.

మూడోసారి వెళ్లే ముందు ఒక రూళ్ల నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో తెలుగులో రాసి బల్ల మీద వదిలేశాను: "వచ్చే గురువారం కొత్త మేడమ్ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా?" రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున చూస్తే కింద గుండ్రటి ఒడియా అక్షరాల్లో "ముఁ జిబిని" అని ఉంది. అంటే నేను వెళ్లను అని. నేను ఒడియా అంత అందంగా రాయలేను. "ఎందుకు?" అని రాసి పెట్టాను. మర్నాటికి జవాబు, ఈసారి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కి: తలుపు పక్కన కుర్చీ ఉంటేనే.

ఒక్క కుర్చీ! క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి "దానిదేముంది అక్కా, జరుపుతాం" అంది. ఆ రోజు ఎవరూ నన్ను పక్కకి నెట్టలేదు.

మీకు ఇలా రాతతో కుదరకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసి వదలండి, అదీ కాకపోతే పడుకునే ముందు మనసులో చెప్పండి. ఎవరూ పలకకపోయినా వింటారు. ఏ విషయాలు మొదటిసారి చెప్పకూడదో కూడా అప్పుడే మాట్లాడుకోండి. లోపలివాళ్ల పేర్లు చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, మీది కాదు.

ఒక పేజీ కాయితం

నోటితో చెప్పడాన్ని నమ్ముకోకండి. మధ్యలో మీరు ఉండకపోవచ్చు, కానీ కాయితం ఉంటుంది. ఒక్క పేజీయే, వెనక వైపు కూడా వద్దు. అందులో మీ జబ్బు పేరు కంటే ముందు మీకు జరుగుతున్నవి రాయండి, తేదీలతో. నా కాయితంలో ఉన్నవి కొన్ని:

"గత నెలలో నాలుగు సార్లు కొన్ని గంటలు ఏమైపోయాయో తెలియలేదు. ఒకసారి సంతకి వెళ్లి ఇంటికి వచ్చాను, సంచిలో ఐదు కేజీల ఉల్లిపాయలు ఉన్నాయి, కొన్నట్టు గుర్తు లేదు. నాకు తెలియని మనిషి రోడ్డు మీద ఆపి నిన్న మాట్లాడుకున్నాం కదా అన్నాడు. తలలోపల మాటలు వినిపిస్తాయి, చిన్నప్పటి నుంచీ, బయట నుంచి కాదు. ఒకరు ఏడేళ్ల గుంట. ఫలానా సంవత్సరంలో ఫలానా చోట డయాగ్నోసిస్ అయింది. ఇప్పుడు వాడే మందులు ఇవి. చనిపోవాలన్న ఆలోచన గతంలో వచ్చింది, ఈ నెలలో రాలేదు."

ఆఖరి వాక్యం తప్పకుండా రాయండి, నిజం ఏదైతే అది. మీలో ఎవరికైనా చావాలనో, ఒంటికి హాని చేసుకోవాలనో ఉంటే "నాకు కాదు, వాళ్లకి" అని దాచకండి, ఒళ్లు ఒకటే కదా.

చిన్నప్పుడు జరిగిన ఘోరం మాత్రం ఈ కాయితంలో వద్దు. "చిన్నతనంలో కొన్ని జరిగాయి, వాటి గురించి ఇప్పుడే మాట్లాడలేను" అని ఒక్క లైను చాలు. నిజం చెప్పాలంటే ఇది తెలివితక్కువ మొహమాటం కాదు, వైద్యం నడిచే పద్ధతే అది. డిసోసియేషన్ నిపుణుల అంతర్జాతీయ సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వైద్యం మూడు దశలుగా ఉంటుంది: ముందు భద్రత, నిలకడ, తర్వాతే పాత జ్ఞాపకాల పని, చివరికి అందరూ కలిసి బతకడం. మొదటి రోజే అన్నీ కక్కించాలనుకునే థెరపిస్టూ, మొదటి రోజే అన్నీ చెప్పేయాలనుకునే మనమూ, ఇద్దరం ఆ వరుస తప్పుతాం. నేను రెండో ఆవిడ దగ్గర ఆ తప్పు చేసి వారం రోజులు డ్యూటీకి పోలేకపోయాను.

గదిలో: ఏ మాట తర్వాత ఏ మాట

మొదట రహస్యం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలి. మినహాయింపులు ఉన్నాయి, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, అలాంటివి. అందుకని సూటిగా: "మేడమ్, నేను చెప్పేది మా ఇంట్లోవాళ్లకి చెప్తారా? ఏ పరిస్థితిలో చెప్తారు?" మీకు ఇంకా 18 నిండకపోతే ఇంకో మాట కూడా అడగాలి, ఎందుకంటే పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. దాక్కోమని కాదు, తెలిసి మాట్లాడమని చెప్తున్నాను.

తర్వాత కాయితం చేతికివ్వండి, చదవనివ్వండి. ఆ నిశ్శబ్దం ఒక రెండు నిమిషాలు ఉంటుంది, ఘోరంగా ఉంటుంది, కిటికీలోంచి ఏదైనా చూసుకోండి. నేను ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూశాను.

ఆ తర్వాతే పేరు. ఇలా: "ఇంతకుముందు చూసినవాళ్లు దీన్ని డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అన్నారు. మీరు మళ్లీ మీ పద్ధతిలో చూడండి, నాకు అభ్యంతరం లేదు." ఈ రెండో వాక్యం చాలా పని చేస్తుంది. డయాగ్నోసిస్ ఎవరూ ఇవ్వకపోతే అబద్ధం ఆడకండి, "చదివాక నాకు ఇదేనేమో అనిపించింది, పరీక్ష చేయగలరా?" అనండి. డీఈఎస్ అని 28 ప్రశ్నల ఫారం ఉంది, అది వడపోతకే, అందులో మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. తేల్చడానికి ఎస్‌సీఐడీ-డీ లాంటి సుదీర్ఘమైన ఇంటర్వ్యూలు ఉంటాయి.

చివరగా మీకేం కావాలో చెప్పండి. నాకు కావాల్సింది చాలా చిన్నది: డ్యూటీలో ఉండగా మారిపోకుండా ఉండటం. అందర్నీ ఒక్కటి చేసెయ్యమని నేను అడగలేదు, అడగక్కర్లేదు కూడా, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ కలిసి బతకడం కూడా గమ్యమే.

భాష మారడం: ఇది మన సమస్య

రాయగడలో ఒకే వాక్యంలో తెలుగు, ఒడియా, హిందీ దొర్లడం మామూలే, కుయి వచ్చినవాళ్లు అదీ కలుపుతారు. అందువల్ల నాలో మనిషి మారినా పక్కవాళ్లకి తెలియదు, భాష మార్చిందనుకుంటారు. ఇరవై ఏళ్లు ఎవరూ కనిపెట్టకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. అదే గుంటూరులో పుట్టి ఉంటే నేను ఉన్నట్టుండి వేరే భాషలో మాట్లాడిన రోజే ఇంట్లో గోల అయ్యేది.

కాబట్టి థెరపిస్ట్‌కి ముందే చెప్పండి: "నేను ఒడియాలోకి వెళ్తే ప్రతిసారీ వేరే మనిషి అనుకోకండి, కానీ కొన్నిసార్లు అదే." నాకు చూసే మేడమ్ మూడో సిట్టింగ్‌లో గమనించారు, బయట వరండాలో ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడు అయిన వెంటనే నేను ఒడియాలోకి వెళ్లాననీ, కాళ్లు కుర్చీ మీదకి తీసుకున్నాననీ. ఆవిడ గొంతు తగ్గించి, తనకి వచ్చిన కొద్దిపాటి ఒడియాలోనే "భయపడకు, అది ప్యూన్" అన్నారట. ఇదంతా నాకు ఆవిడ తర్వాత చెప్పింది. వైజాగ్‌లో ఒడియా రాని థెరపిస్ట్ అయితే ఏం చేయాలి? రికార్డ్ చేయమనండి, లేదా కాయితం ముందు పెట్టమనండి, రాసేవాళ్లు రాస్తారు. ఇంట్లోవాళ్లని అనువాదానికి పిలవడం మాత్రం వద్దు.

"అమ్మవారు వస్తుందా?" అని అడిగితే

అడుగుతారు. డాక్టర్ కూడా అడుగుతారు, తప్పు లేదు. పూనకం, గాలి సోకడం, చిల్లంగి అని మన ఇళ్లలో, కళిసి (దేవత ఒంటి మీదకి వచ్చే మనిషి), గుణియా (మంత్రం వేసే వైద్యుడు) అని ఒడియా ఇళ్లలో. మా అమ్మ నన్ను మొదట తీసుకెళ్లింది గుణియా దగ్గరికే, వేపమండలు, నిమ్మకాయలు, ఒక రాత్రి జాగారం. నేను ఆమెని ఇప్పుడు తప్పుపట్టను, అప్పట్లో ఆమెకి తెలిసిన డాక్టర్ ఆయనే.

డాక్టర్ల పుస్తకాల్లో కూడా ఈ తేడా ఉంది. అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5లో డీఐడీ నిర్వచనంలోనే కొన్ని సమాజాల్లో ఇది ఆవహించినట్టుగా కనిపించవచ్చని ఉంది, అయితే ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగమైతే దాన్ని జబ్బు అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో పూనకం తరహా రుగ్మతకి వేరే కోడ్, డీఐడీకి వేరే కోడ్. బరంపురం ఠాకురాణి యాత్రలో ఒకావిడకి ఒంటి మీదకి వచ్చిందంటే అది జాతర, ఊరంతా పసుపునీళ్లు పోసి దణ్ణం పెడుతుంది, అయిపోయాక ఆవిడ ఇంటికెళ్లి వంట చేసుకుంటుంది. నాకు జరిగేది మంగళవారం మధ్యాహ్నం, స్టోర్ రూమ్‌లో, ఎవరూ పిలవకుండా, ఎవరికీ అక్కర్లేకుండా. డాక్టర్‌కి ఆ తేడా అలాగే చెప్పండి: ఎప్పుడు, ఎక్కడ, పిలిస్తే వస్తుందా పిలవకుండానా, తర్వాత గుర్తుంటుందా.

వాళ్ల స్పందన బట్టి

మాటలు వినిపిస్తాయి అనగానే కొందరు స్కిజోఫ్రెనియా అనే వేరే జబ్బు వైపు వెళ్లిపోతారు. కోప్పడకుండా వివరాలివ్వండి: లోపలా బయటా, ఎన్నో ఏట నుంచి, ఒకరితో ఒకరు వాదించుకుంటాయా, మీరు అడిగితే జవాబిస్తాయా, సమయం పోతుందా. మందు రాస్తే ఎందుకో అడగండి, సొంతంగా ఆపకండి.

నమ్మనివాళ్లు ఉంటారు, వాళ్లతో వాదించి లాభం లేదు. అంతకంటే నాకు భయం వేసేది మరీ సంబరపడేవాళ్లంటే. "ఓహో, ఇంకొకరిని పిలువు చూద్దాం" అన్నా, మొదటి వారమే హిప్నోటైజ్ చేసి జ్ఞాపకాలు తీస్తానన్నా, లోపల ఒకరిని పంపించేద్దాం అన్నా, లేచి వచ్చేయండి. మీ రికార్డులు అడిగే హక్కు ఆ 2017 మానసిక ఆరోగ్య చట్టం 25వ సెక్షన్‌లో ఉంది, పాత ఫైలు నకలు తీసుకుని రండి.

మంచి థెరపిస్ట్ గుర్తు నా దృష్టిలో ఒకటే: తెలియనిది తెలియదంటారు, మళ్లీ వచ్చేసరికి చదివి వస్తారు.

ఇంట్లోవాళ్లు పక్కనే కూర్చుంటే

మా వదిన నాతో గదిలోకి వచ్చేసింది, ప్రేమతోనే. నేను రిసెప్షన్‌లోనే అన్నాను, "వదినా, మొదటి అరగంట నేనొక్కదాన్నే మాట్లాడతాను, తర్వాత నిన్ను పిలుస్తారు." మొహం చిన్నబోయింది. మీరు అనలేకపోతే థెరపిస్ట్ చేత అనిపించండి, ఫోన్‌లోనే చెప్పి పెట్టుకోవచ్చు. ఇంట్లో హాని చేసినవాళ్లే తోడు వస్తామంటే అది ఫోన్‌లో తప్పక చెప్పండి.

తిరుగు ప్రయాణం

మొదటి సిట్టింగ్ అయ్యాక మీరు మామూలుగా ఉండరు. తలనొప్పి, నిద్ర, గుట్టు బయట చెప్పినందుకు లోపల ఎవరికో కోపం. ఆ రోజు వేరే పని పెట్టుకోకండి, వీలైతే ఒక్కరే రైలెక్కకండి. సంచిలో నేను మూడు పెట్టుకుంటాను: మంచినీళ్లు, అల్లం మురబ్బా, ఇంటి చిరునామా రాసిన కాయితం. అల్లం ఘాటు నాలికకి తగిలితే ఎక్కడున్నానో తెలుస్తుంది. ఒకసారి కళ్లు తెరిచేసరికి రైలు పార్వతీపురంలో ఆగి ఉంది, టికెట్ ఉన్నది రాయగడకి, కానీ చెప్పులు విప్పి కాళ్ల దగ్గర బుద్ధిగా సర్ది ఉన్నాయి. లోపలి ఏడేళ్ల గుంట పని. దిగలేదు, దిగితే ఏమయ్యేదో!

మరీ తట్టుకోలేకపోతే ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోన్ లైన్ టెలీమానస్, 14416, రాత్రీపగలూ ఉచితం, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. అక్కడ డీఐడీ కథంతా చెప్పక్కర్లేదు, "చాలా భయంగా ఉంది, ఎక్కడున్నానో తెలియడం లేదు" అంటే చాలు. ప్రాణం మీదకొస్తే 112.

మూడు సిట్టింగ్‌ల దాకా తీర్పు చెప్పకండి, ఆ లేచి వచ్చేయాల్సిన పనులు చేస్తే తప్ప. నాకు మొదటి సిట్టింగ్‌లో ఈవిడ నచ్చనేలేదు, గోడ గడియారం వైపు చూస్తోందనిపించింది. తర్వాత తెలిసింది, నా రైలు టైమ్ చూస్తోందని.

ఇక బయటికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. తర్వాతి సిట్టింగ్ తేదీ ఫోన్‌లో పెట్టుకుని వదిలేయకండి, ఫోన్ చూసేది ఆ రోజు మీరే అవుతారని లేదు. నేను వంటింటి క్యాలెండర్‌లో ఆ గడిలో రెండు సార్లు రాస్తాను, తెలుగులో ఒకసారి, నా వంకర ఒడియాలో ఒకసారి. పోయిన నెల ఆ గడిలో నా ఒడియా అక్షరాన్ని ఎవరో దిద్ది పెట్టారు.